చేపలు మరిగిన పింజరి

గాజుపాత్ర మీద బిగించిన పొరలో పింజరి కోరలు దిగబడ్డాయి. పసుపుపచ్చని విషం బొట్లుగా జారింది. దివిసీమ విషాగారపు పరీక్షాధికారిణి డాక్టర్ జలజ పామును పెట్టెలోకి వదిలి, ఒక బొట్టును సార్వభౌమం నోటికి అందించింది. ఆ మహాయంత్రం కాసేపు ధ్యానించి తీర్పు సెలవిచ్చింది.

"దోషవిషం. ఆదర్శపింజరితో పొంతన లేదు. విషమును పారబోయవలెను. పామును సంస్కరించవలెను."

సంస్కరించడమంటే చంపడం. విషాగారాల శాఖవారి భాష మహా సున్నితమైనది.

ఆదర్శపింజరి రాజధానిలో, చలువరాతి సౌధంలో ఉంటుంది. దాని వంశం తరతరాలుగా యంత్రశాలలో పుట్టిన తెల్లఎలుకలనే ఆరగిస్తోంది. పొలంగట్టు ఎరగదు, మనిషి కాలు చూడలేదు. రాష్ట్రంలోని విరుగుడంతా దాని విషానికే తయారవుతుంది. ఆ విధంగా, ఎన్నడూ ఎవరినీ కరవని పాము నుంచి ప్రజలకు సంపూర్ణ రక్షణ లభించింది.

దివిసీమ పింజరులకు ఆ రాజభోగం లేదు. సముద్రం పొలాల్లోకి వచ్చాక ఎలుకలు నశించాయి. బురదలో గెంతే చేపల్ని మరిగినవి బతికాయి. వాటిని కాటుతోనే పడగొట్టే విషమున్నవి పిల్లల్ని పెట్టాయి. అలా విషం మారింది. జలజ ఏళ్ల తరబడి ఈ సంగతి విన్నవిస్తోంది. "పాముల ఆహారపు అలవాట్లు శాఖ పరిధిలోకి రావు" అని ఒకసారి జవాబు కూడా వచ్చింది.

పక్కగదిలో, ఈ పామును పట్టబోయి కాటు తిన్న కొల్లాటి నాంచారయ్య పడుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచి విరుగుడు ఎక్కుతూనే ఉంది. చిగుళ్ల రక్తం ఆగడం లేదు.

"గడ్డకట్టిందా మేడంగారూ?" అడిగింది అతని భార్య తులసమ్మ.

జలజ పరీక్షగొట్టం వంచి చూపింది. రక్తం నీళ్లలా జారింది.

"మందు మంచిదేనండి," అన్నాడు నాంచారయ్య పెదవి తుడుచుకుంటూ. "పామే చదువుకోలేదు."

"పోయేటప్పుడు కూడా ఎకసెక్కాలే," అని మొగుణ్ని కసిరి, తులసమ్మ జలజ వైపు తిరిగింది. "ఈ పాముకి సరిపడే మందు చెయ్యలేరా?"

"విరుగుడు యంత్రం గంటలో చేసేస్తుంది. సార్వభౌమం ఒప్పుకోవాలి."

"ఆయనెవరండీ, మీ మొగుడా? అంత భయపడతన్నారు."

జలజకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ పారబోసిన విషమూ, "సరే"నంటూ సంతకాలు చేసిన తన చెయ్యీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

జిల్లాకొక యంత్రమున్నా, అన్నిటిలోనూ ఉన్నది ఒకే సార్వభౌమం. దానికి ఒక ఆచారముంది. కొలమానం సరిచూసుకోవడానికి వారానికొక జిల్లా యంత్రం వంతున, ఆ యంత్రపు కుడిగిన్నెలో ఆదర్శవిషం పోయాలి. ఆ గిన్నెలో ఉన్నదే సత్యం. తక్కిన జిల్లాలన్నీ దానికి తలవంచుతాయి. ఈ వారం వంతు దివిసీమది. ఉద్యోగి చేతికి కోపమొస్తుందని నిర్మాతలు ఊహించలేదు.

రాజధాని పంపిన సీసాను జలజ పక్కన పెట్టింది. దివిసీమ పింజరి విషాన్ని కుడిగిన్నెలో పోసింది.

సార్వభౌమం ధ్యానించింది. అంగీకరించింది. విరుగుడు యంత్రం తిరగడం మొదలైంది.

కాసేపటికే ఫోన్ మోగింది. "డాక్టరుగారూ, సార్వభౌమం సౌధంలో పాములన్నిటినీ సంస్కరించమంటోంది! ఏం చేశారు మీరు? వెంటనే ఆపండి," అన్నాడు రాజధాని నుంచి శాఖ సంచాలకుడు.

"ఆపితే ఇక్కడ మనిషి పోతాడండి. ఆపమని మీ పేరుతో రాసి పంపండి, ఆపుతాను."

రాయమన్న మాట వినగానే సంచాలకుడు ఫోన్ పెట్టేశాడు. జలజ ఫోన్ బల్లమీద బోర్లించి, ఒక ఖాళీ సీసాను విరుగుడు యంత్రం కింద పెట్టింది.