పదకొండు గంటలు నడిచిన డిస్క్

తొమ్మిది కాకముందే మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. గుమాస్తా గారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నారు. జీవితమంతా కోర్టు కాగితాలు రాసి రిటైరైన మనిషి. అరవై దాటాక నేరపరిశోధన మీద మోజు పుట్టి డిటెక్టివ్ మేడమ్ దగ్గర చేరారు. ప్రతి కేసులోనూ దొంగెవరో ఆమెకంటే ముందే చెప్పేస్తారు. ప్రతిసారీ తప్పే చెబుతారు. ఉత్సాహం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

మేడమ్ ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిపోయిన మెషిన్లను పరీక్షించేది. మనుషులు అబద్ధాలాడతారు గానీ మెషిన్లకు ఆ తెలివి లేదని ఆమె నమ్మకం.

లోపలికి వచ్చిన అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. చొక్కా చేతులకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను కృత్రిమ చేతులు డిజైన్ చేస్తాను మేడమ్. పిల్లల కోసం కొత్త మణికట్టు ఒకటి తయారుచేశాను. నాలుగేళ్ళ పని. ఇరవై ఆరుమంది పిల్లల కొలతలు, డిజైన్ బొమ్మలు, అన్నీ ఒకే వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి బోర్డు ముందు చూపించాలి. ఇది తప్పితే మళ్ళీ మూడేళ్ళకు గానీ పిలవరు. అప్పటికి ఆ పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు."

"మెషిన్‌కి ఏమైంది?"

"నిన్న ఒంటిగంటకి పేరు నమోదు చేయించడానికి ఆసుపత్రికెళ్ళాను. మూడింటికి వచ్చి చూస్తే ఆన్ కాలేదు. మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయనే మా మెషిన్లన్నీ చూసేది. వచ్చి, పవర్ బటన్ దగ్గర లైటు మినుకుమనడం చూసి, మదర్‌బోర్డు పోయింది, డిస్క్ కూడా పోయింది తల్లీ, పెట్టె విప్పినా లాభం లేదు అనేశాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కానీ అది దానంతటది పోలేదు. పొట్టి చేసింది."

పొట్టి అంటే ఆమె స్నేహితురాలు. చదువుకున్న రోజుల నుంచీ ఇద్దరూ కలిసే ఉన్నారు. వర్క్‌షాపులో ప్లాస్టర్ అచ్చులు పోయడం, వాటిని గరుకు కాగితంతో నునుపు చేయడం పొట్టి పని. నెల క్రితం గొడవపడి వెళ్ళిపోయింది. తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది. నిన్న మధ్యాహ్నం వచ్చి తన ఏప్రన్ తీసుకెళ్ళింది కూడా.

"గొడవ దేనికి?" అడిగింది మేడమ్.

"బాబాయ్ గురించి. వర్క్‌షాపు తాళంచెవీ, ఫైళ్ళ కాపీ ఉన్న డిస్కూ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండకూడదంది. నన్ను కన్నకూతురిలా పెంచినవాణ్ణి అనుమానిస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టి పంపేశాను."

"ఇంతకీ ఆ కాపీ ఏది?"

"బాబాయ్ దగ్గరే ఉండేది. పోయిన వారం పాడైపోయిందట. కొత్తది తెస్తానన్నాడు, ఇంతలోనే ఇలా అయింది."

గుమాస్తా గారు మేడమ్ చెవి దగ్గరకు వంగారు. "పొట్టే మేడమ్. అనుమానమే లేదు."

మేడమ్ బాబాయ్‌నీ పొట్టినీ పదకొండింటికి వర్క్‌షాపుకు రమ్మనమని చెప్పి, చెప్పులు వేసుకుంది.

వర్క్‌షాపు రెండో అంతస్తులో ఒకే పెద్ద గది. గోడలకు చిన్నచిన్న ప్లాస్టర్ చేతులు వరసగా వేలాడుతున్నాయి. కీబోర్డు, మానిటరు, కిటికీ చువ్వలు, ఆఖరికి గోడగడియారం ముల్లు, అన్నిటిమీదా ప్లాస్టర్ దుమ్ము తెల్లగా పేరుకుంది. గుమాస్తా గారు కుర్చీలో కూర్చుని లేచేసరికి ఆయన ప్యాంటు వెనకభాగం చూడముచ్చటగా తయారైంది. మేడమ్ నవ్వు ఆపుకుంది.

పొట్టి ముందుగా వచ్చింది. డిజైనర్ ముఖం తిప్పుకుంది.

"నిన్న ఎన్నింటికొచ్చావమ్మా?" అడిగింది మేడమ్.

"ఒకటిన్నరకి. ఏప్రన్ తీసుకుని ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయా."

"మెషిన్ ముట్టుకున్నావా?"

"నేనా? బల్బు మార్చాలంటేనే నాకు చేతులు వణుకుతాయండీ. కావాలంటే దాన్నే అడగండి." అంటూ పొట్టి స్నేహితురాలి వైపు చూసింది. ఆ అమ్మాయి అటు తిరగలేదు.

"ఇక్కడింకెవరైనా ఉన్నారా?"

"లేరు. తలుపు మాత్రం తాళం వేసి లేదు. ఇది మరిచిపోయి వెళ్ళిందేమో అనుకుని, వెళ్తూ నేనే వేసెళ్ళాను."

"అబద్ధం!" డిజైనర్ గిరుక్కున తిరిగింది. "నేను తాళం వేసే వెళ్ళాను."

బాబాయ్ వచ్చాడు. యాభై ఐదేళ్ళ మనిషి, శుభ్రమైన చొక్కా, నెమ్మదైన మాట. పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా పనిముట్ల సంచీని ఒళ్ళోనే పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఏడవకు అమ్మాయ్, నేనున్నానుగా" అన్నాడు. ఆ మాటకు ఆమె నిజంగానే కాస్త తెరిపినపడింది. అది చూసి గుమాస్తా గారి కళ్ళు చెమర్చాయి.

"ఈ పెట్టె ఆఖరుసారి ఎప్పుడు విప్పారండీ?" అడిగింది మేడమ్.

"ఏడాది మొదట్లో. దుమ్ము దులిపి మూసేశా. మళ్ళీ ముట్టుకోలేదు."

"నిన్న?"

"విప్పలేదు. లైట్లు చూస్తే తెలిసిపోలా!"

"ఇప్పుడు నా కోసం ఒక్కసారి విప్పండి."

ఆయన సంచీని భుజానికి తగిలించుకునే లేచాడు. ముందుగా మణికట్టుకు ఒక పట్టీ బిగించుకున్నాడు. దాని వైరు చివరి క్లిప్పును పెట్టె వెనక ఇనుప అంచుకు తగిలించాడు. ఒంట్లో పుట్టే స్థిర విద్యుత్తు లోపలి చిప్పులకు తగలకుండా వేసుకునే పట్టీ అది. తరవాతే స్క్రూలు విప్పి పక్క రేకు తీశాడు.

మేడమ్ టార్చి వేసి చాలాసేపు చూసింది. ఫ్యాన్ రెక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మెమరీ స్టిక్కులు రెండూ గాడిలో పూర్తిగా దిగి లేవు. బొటనవేలితో నొక్కితే రెండూ టిక్కుమని కూర్చున్నాయి.

"ఇప్పుడు ఆన్ చేయమ్మా."

బటన్ నొక్కగానే లైటు తెల్లగా నిలిచి వెలిగింది. తెర మీద అక్షరాలొచ్చాయి. డిజైనర్ కెవ్వున కేకేసింది. మరుక్షణం ఆమె ముఖం మాడిపోయింది. డిస్క్ ఖాళీగా ఉందని చెబుతోంది మెషిన్.

మేడమ్ ఒక మీట నొక్కి, మెషిన్ తనను తాను పరీక్షించుకునే ప్రోగ్రాము తెరిచింది. ఒక్కో వరసా చదివి చిన్నగా తలాడించింది. "గుమాస్తా గారూ, తలుపు దగ్గర కూర్చోండి. అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి చెప్పేస్తాను."

గుమాస్తా గారు పొట్టి వైపు విజయగర్వంతో చూస్తూ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నారు.

"మదర్‌బోర్డు బాగానే ఉంది," అంది మేడమ్. "మెమరీ స్టిక్కులు ఎవరో కావాలనే వదులు చేశారు. మెషిన్ ఆన్ కాకపోతే డిస్క్ గురించి ఎవరూ అడగరు కదా. ఇక డిస్క్. కారుకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క ఉన్నట్టే, ప్రతి డిస్కూ ఎన్ని గంటలు నడిచిందో తనలో రాసుకుంటుంది. నాలుగేళ్ళు రోజూ నడిచిన డిస్క్ వేల గంటలు చూపించాలి. ఇది పదకొండు గంటలు చూపిస్తోంది. పైగా ఆరోగ్యంగా ఉంది. అంటే ఇది నీ డిస్క్ కాదు తల్లీ. నీది తీసేసి, దాదాపు కొత్తదొకటి పెట్టారు."

"చెప్పానుగా, పొట్టే—" అందుకుంది డిజైనర్.

"ఆగు. ఈ గదిలో దుమ్ము పట్టనిది ఏదైనా ఉందా? గడియారం ముల్లుకు కూడా పట్టింది. ఏడాది మొదట్లో మూసిన పెట్టె లోపల మాత్రం ఫ్యాను అద్దంలా మెరుస్తోంది. నిన్న పెట్టె విప్పినవాళ్ళు దుమ్ము చూసి ఊరుకోలేకపోయారు, శుభ్రంగా తుడిచారు. పొట్టి చేసేదే దుమ్ము రేపే పని. ఆమె దొంగతనానికొచ్చి ఫ్యాను తుడుస్తుందా?"

"చచ్చినా తుడవను," అంది పొట్టి.

"ఇదిగో, ఈ ఇనుప అంచు మీద రంగు లేచి, రెండు పళ్ళ గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి. ఇందాక బాబాయ్ గారు క్లిప్పు తగిలించకముందే చూశాను, అది సరిగ్గా వాటి మీదే కూర్చుంది. ఏడాది మొదట్లో పడిన గాట్లయితే ఈపాటికి దుమ్ముతో పూడిపోయేవి. ఇంకొకటి. లైట్లు చెప్పేది మెమరీ సంగతి, మహా అయితే బోర్డు సంగతి. డిస్క్ కూడా పోయిందని పెట్టె విప్పకుండానే మీకెలా తెలిసిందండీ?"

గుమాస్తా గారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

"నిన్న మీరు పని ముగించి తాళం వేయడం మరిచి వెళ్ళారు. తరవాత పొట్టి వచ్చింది. అసలు డిస్క్ ఎక్కడుందో కూడా చెప్పగలను. బండి పెట్టెలో పెడితే ఎండకు వేడెక్కుతుంది, ఇంట్లో ఉంచితే ఎవరైనా కదుపుతారు. మీరు అలా వదిలేసే మనిషి కాదు. పొద్దున్నుంచీ ఆ సంచీని కింద పెట్టలేదు."

డిజైనర్ లేచింది. "లేదని చెప్పు బాబాయ్," అంది. ఆమె గొంతు పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. "ఆవిడ పొరపాటు పడిందని చెప్పు."

బాబాయ్ చాలాసేపు సంచీ పట్టీ సర్దుకుంటూ నిలబడ్డాడు. చివరకు చెయ్యి పెట్టి, డిస్క్ ఉన్న వెండిరంగు కవరు ఒకటి తీశాడు. దాని చుట్టూ స్పాంజి, స్పాంజి చుట్టూ మెత్తటి గుడ్డ. పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు.

"సాయంత్రం పెద్ద కంపెనీ వాళ్ళకివ్వాలి," అన్నాడు నేల చూస్తూ. "ల్యాబుకి నన్ను పెద్దని చేస్తామన్నారు. తలుపు మీద నా పేరు రాస్తామన్నారు. నాలుగేళ్ళు ఈ మెషిన్ని బతికించింది నేను. నీ దరఖాస్తులో నా పేరెక్కడుందో చూశావా? ఆఖరి పేజీలో, సాంకేతిక సహాయం అని."

"మరి కాపీ?" అడిగింది డిజైనర్.

"నేనే చెరిపేశా."

"ఆ దరఖాస్తు నీ చేతికిచ్చి, ఎలా ఉందో చదివి చెప్పమన్నాను. బాగుంది తల్లీ అన్నావు." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "ఒక్క మాట అడిగి ఉంటే నా పేరు తీసేసి నీ పేరు పెట్టేదాన్ని. నీ మీద మాట పడితే భరించలేక, ప్రాణంలాంటి మనిషిని వెళ్ళగొట్టాను. నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిదాన్ని కాలేదు."

ఆయన కవరు ఆమెకు అందించబోయాడు.

"దొంగతనం చేస్తూ కూడా మెషిన్‌కి చిన్న షాక్ తగలకూడదని పట్టీ కట్టుకున్నావు. ఫ్యాను తుడిచావు. డిస్క్‌ని గుడ్డలో చుట్టావు. నా గురించి ఆ మాత్రమైనా ఆలోచించలేదా బాబాయ్?"

మేడమ్ కిటికీ వైపు తిరిగింది. కేసు పెట్టాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

డిజైనర్ కవరు అందుకుంది. ఆయన తన మణికట్టు పట్టీ విప్పి చాచాడు. ఆమె దాన్ని తీసుకోలేదు. ఒంట్లోని విద్యుత్తు దిగిపోయేలా పెట్టె ఇనుప అంచును అరచేత్తో ఒకసారి తాకి, డిస్క్ బిగించడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవకుండానే పొట్టి వచ్చి టార్చి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నన్ను క్షమించవే," అంది డిజైనర్, స్క్రూ వైపే చూస్తూ.

"తరవాత తీరిగ్గా తిడతా. ముందు బిగించు," అంది పొట్టి.

బాబాయ్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా గారు కుర్చీ పక్కకు జరిపారు. గుమ్మం దాటబోతూ బాబాయ్ అలవాటు కొద్దీ ఆగాడు.

"అమ్మాయ్, డిస్క్ స్క్రూలు మరీ బిగించకు. ఫ్రేము వంకరపోతుంది."

ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు. మెట్లమీద అడుగుల చప్పుడు పూర్తిగా దిగిపోయేదాకా అలాగే కూర్చుంది. ఆ తరవాత స్క్రూను పావు చుట్టు వదులు చేసింది. ఆయన చెప్పింది నిజమే. అప్పటిదాకా పంటి బిగువున ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.