ఆరు పిన్నుల ఎస్‌ఎంపీఎస్

"వాట్స్ ఎక్కువే ఉండాయి కదన్నా? బిగించేదానికి ఏం కష్టం?" అంది అర్చన.

రాయదుర్గంలోని తన రిపేరు షాపులో తిప్పేష్ ఆమె తెచ్చిన డెస్క్‌టాప్ మూత అప్పటికే విప్పాడు. లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. ఆమె ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్తది పక్కనే ఉంది.

"వాట్స్ ఒకటే చూస్తే చాలదు మేడమ్. మీ బోర్డుకు ఆరు పిన్నుల ప్లగ్గు కావల్ల. దీనికి ఇరవై నాలుగు ఉండాయి. సైజు గూడా పెద్దది, ఈ డబ్బాలో పట్టదు."

తన సరుకు అమ్ముకోవడానికే ఇలా చెబుతున్నాడనుకుంది ఆమె. ఆ మాట మొహం మీదే అనేసింది. తిప్పేష్‌కు కోపం వచ్చింది. అలాంటిది తన షాపులోనూ లేదని, కావాలంటే హార్డ్ డిస్కు తీసి ఫోటోలు కాపీ చేసిస్తానని అన్నాడు.

"ఫోటోలు మాత్రమే వద్దు. మా ఆయన పెట్టిపోయినట్టే ఇది ఆన్ కావల్ల." అంది ఆమె.

ఆమె భర్త ముఖేష్ బెళుగుప్పలో ఫోటో స్టూడియో నడిపేవాడు. ఏడాదిన్నర కిందట బైకు ప్రమాదంలో పోయాడు. మూతపడిన స్టూడియోను ఆమె మళ్లీ తెరవాలనుకుంటోంది. ఆల్బమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క సిస్టమ్‌లోనే ఉంది.

ఇదంతా విన్నాక తిప్పేష్ కోపం దిగిపోయింది. కాలిన దాని మీదున్న నంబరు రాసుకుని బళ్లారి వెళ్లాడు. మొదటిసారి తెచ్చింది డబ్బాలో పట్టింది గాని ప్లగ్గు కలవలేదు. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆమె నవ్వింది.

"పిన్నులు లెక్కపెట్టుకోలేదా సార్?"

ఆ నవ్వు కోసం ఏదో ఒక సాకుతో రోజూ ఫోన్ చేశాడు. ఆమె సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి మాట్లాడేది. 'అన్నా' అనడం ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఊరంతా వాన కోసం మబ్బు వైపు చూస్తున్న ఆషాఢంలో, అన్నీ కలిసిన ఎస్‌ఎంపీఎస్ దొరికింది. సిస్టమ్ తీసుకుని తనే బెళుగుప్ప వెళ్లి బిగించాడు. స్క్రీన్ వెలిగింది. 'మా పెళ్లి' అనే ఫోల్డర్ కనిపించింది.

ఊళ్లో అందరి ఆల్బమ్‌లూ చేసిన ముఖేష్ తమది మాత్రం చేయనే లేదని అర్చన అనుకుంటూ ఉండేది. తెరిస్తే పద్నాలుగు పేజీలు పూర్తయి, మిగతావి ఖాళీగా ఉన్నాయి. పద్నాలుగో పేజీ మీద అతను పోయిన ముందురోజు తేదీ ఉంది.

అర్చన బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఇక్కడ తనకు చోటు లేదనిపించి తిప్పేష్ బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. అర్చన అత్త కన్యకమ్మ అతని వెనకే వచ్చింది.

"ఏమప్పా, పోతాండావా? ఇన్నాళ్లకు అది మిద్దె మీద నవ్వింది, నాకు వినపడింది. నా కొడుకు ఎట్లాగూ పోయినాడు. దీని బతుకన్నా నిలబడనీ."

అతను తిరిగి లోపలికి వెళ్లి, ఇన్నాళ్లూ దాచుకున్న మాట చెప్పాడు.

"ఆయన్ను నేను మర్చిపోలేను," అంది అర్చన.

"మర్చిపొమ్మని నేనెప్పుడూ అడగను."

ఆమె కళ్లు తుడుచుకుంది. మిగిలిన పేజీలు తనే చేసుకోవాలని, అంతవరకు రావద్దని, ఫోన్ కూడా చేయొద్దని చెప్పింది. అతను సరేనన్నాడు.

ఫోన్ కార్తీకంలో వచ్చింది.

"ఆల్బమ్ అయిపోయింది తిప్పేష్," అంది ఏడుస్తూనే. "ఈ పొద్దు వస్తావా?"

అతను షాపు షట్టరు దించి బెళుగుప్ప బస్సెక్కాడు.