సమధార

డాక్టర్ తహసీన్ మీట నొక్కగానే, ఆవిడ తయారుచేసిన సమధార యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. కాకినాడ టౌన్‌హాలు చప్పట్లతో మారుమోగింది. ముందు వరసలో కూర్చున్న భ్రమరాంబ కళ్లు తుడుచుకుంది.

నెట్ కూడా కుళాయి నీళ్లలా అందరిదీ కావాలని ఎండనకా వాననకా ధర్నాలు చేసింది ఆవిడే. అదంతా భర్త గవర్రాజు కోసం. బస్టాండులో అనౌన్సరుగా ఊరందరికీ తెలిసిన గొంతు అతనిది. పక్షవాతం వచ్చి ఆ గొంతు పోయింది. తలకు చుట్టిన బ్రెయిన్‌బ్యాండ్ అతని ఆలోచనల్ని నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు పంపేది. అది వాటిని మాటలుగా మార్చి, మంచం పక్కనున్న స్పీకర్‌లో పలికించేది. అయితే ఖరీదైన ప్లాన్ కొన్నవాళ్లకే నెట్ కంపెనీ వేగం ఇచ్చేది. కొనలేని నెలల్లో గవర్రాజు మూగవాడే.

ఇప్పుడు చట్టం వచ్చింది. ఊళ్లోని నెట్‌నంతా సమధార ఇంటింటికీ సమానంగా పంచుతుంది. ఎవరికీ రవ్వంత ఎక్కువ రాదు, తక్కువా రాదు.

"ఏవండీ, గెలిచాం!" అంటూ ఇంట్లోకి పరుగెత్తింది భ్రమరాంబ.

స్పీకర్ గరగరలాడింది. "భ్ర... నే..." అంతే.

మర్నాడు తహసీన్ దగ్గరికి వెళ్లింది.

"సినిమా చూడటానికి ఆ వాటా చాలమ్మా. మెదడును చదవడానికి చాలదు," అంది తహసీన్.

"మా ఇంటికి కాస్త ఎక్కువ వదలండి డాక్టరమ్మా."

"నా చేతుల్లో లేదు. మంత్రి బెదిరించినా లొంగకూడదని యంత్రాన్ని అలా కట్టాను. ఒక్క ఇంటికి పెంచబోతే ఊరంతా ఆగిపోతుంది."

"పోనీ, పుస్తెలమ్మైనా కొనుక్కుంటాను."

"ఇప్పుడు అమ్మేవాళ్లు లేరమ్మా. అమ్మడం నేరమని మీరే పట్టుబట్టి రాయించారు." తహసీన్ తలదించుకుంది. "చట్టం మార్చమని అడగండి. నేనూ వస్తాను."

తనతో ధర్నాకు కూర్చున్న ఇళ్లన్నీ తిరిగింది భ్రమరాంబ. అందరూ మంచినీళ్లిచ్చారు, జాలిపడ్డారు. "మళ్లీ ఆ కంపెనీవాళ్లను తెచ్చిపెడతావా పిన్నీ?" అని తలుపులు దగ్గరగా వేసుకున్నారు. తహసీన్ రాసిన అర్జీకి జవాబే రాలేదు.

గవర్రాజు రోజూ చెప్పబోతూనే ఉన్నాడు. కళ్లు ఎర్రబడేవి, మెడనరాలు ఉబ్బేవి, స్పీకర్ మాత్రం ముక్కలు రాల్చేది. ఏం కావాలో తెలియక ఆవిడ నీళ్లు పట్టేది, దుప్పటి కప్పేది. అతను కళ్లు మూసుకునేవాడు.

వానాకాలం వచ్చాక ఒక మధ్యాహ్నం స్పీకర్‌లోంచి ఒక్క మాట పూర్తిగా వచ్చింది.

"తీసెయ్."

భ్రమరాంబ మెల్లగా బ్యాండ్ విప్పింది. దాని కింద నుదురు తెల్లగా పాలిపోయి ఉంది. అక్కడ చెయ్యి వేసి కూర్చుంది. గోడ అవతల, పక్కింట్లో సినిమా ఎక్కడా ఆగకుండా నడుస్తోంది.