పుట్టీ కింద పగులు

స్పీడ్‌బోటు మూతి గాల్లోకి లేస్తోంది. నీళ్ల మీద పడుతోంది.

ఢబ్!

మళ్లీ లేస్తోంది.

ఢబ్!

రెండు వందల గజాల వెనక, తన చేపల పడవలో, సత్యవాణి ఆ చప్పుడు వింటూ పళ్లు కొరుకుతోంది. భయంతో కాదు... అసహ్యంతో!

పొద్దు గుంకి పావుగంటైంది. వశిష్ఠ గోదావరి మీద చీకటి దిగుతోంది. ముందు పోయే బోటుకి లైటు లేదు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. స్విచ్ ఎక్కడుందో నడిపేవాడికి తెలిస్తే కదా!

నడిపేవాడు భానుతేజ. నర్సాపురం దగ్గర లంకలో రిసార్ట్ ఓనరు. ముప్ఫై రెండేళ్లు. తల మీద బంగారు లంగరు కుట్టిన కెప్టెన్ టోపీ. ఒంటి మీద లైఫ్ జాకెట్ మాత్రం ఉండదు. చొక్కా నలుగుతుందట.

స్పీడు పెంచమని ఎస్సై విజయ్ పాల్ సత్యవాణికి ఇప్పటికి ఆరోసారి చెప్పాడు. ఆమె పడవ మధ్యలో చతికిలబడి, రెండు చేతులా అంచు పట్టుకుని ఉన్నాడు. ఏటిగట్టు స్టేషన్‌లో నాలుగేళ్ల సర్వీసు. ఈత రాదు. స్టేషన్‌కి సొంత బోటుంది. దాని బ్యాటరీ చచ్చి మూడు నెలలైంది. అందుకే ఈ పడవ ఎక్కాడు.

సత్యవాణి పెంచదు.

తన ఇంజిన్ పది హార్స్‌పవర్. భానుతేజది నూట యాభై. ఎంత తిప్పినా అందుకోలేదు. అందుకోవాల్సిన పనీ లేదు.

ఆ వెధవకి బోటు నడపడం రాదు!

ఆమె భయం వేరే ఉంది. ఆ బోటు పగలకూడదు. మునగకూడదు. కాలకూడదు. రేపు పొద్దున దాకా అది ఒక్క ముక్కలో ఉండాలి.

ఎందుకంటే... దాని అడుగున ఒక పగులుంది.

మూడు వారాల కిందట ఆ బోటు సగం నీళ్లు నిండి ఒరిగింది. సామర్లకోట నుంచి సరదాగా వచ్చిన అక్కాచెల్లెళ్లిద్దరు జారిపోయారు. తేలలేదు. నడిపింది వీరబాబు, సత్యవాణి భర్త. డ్రైవరు తాగి రాయికి గుద్దాడని భానుతేజ స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

రాయి!

నర్సాపురం దగ్గర గోదావరిలో రాయి! ఇసుకా ఒండ్రూ తప్ప గులకరాయి దొరకని చోట! అది రాసుకున్నవాళ్లకైనా నవ్వు రాలేదు. వీరబాబుని సబ్‌జైల్లో పెట్టారు.

పగులుని వీరబాబు నెల ముందే చూశాడు. బోటు పైకి లాగి ఫైబర్ వేయించమన్నాడు. సీజన్ పోతుందని ఓనరు దాని మీద పుట్టీ మెత్తించి, నీలం రంగు కొట్టించాడు. ఎనిమిది మంది ఎక్కాల్సిన బోటులో పద్నాలుగు మందిని ఎక్కించాడు. అదంతా వీరబాబు చెబుతున్న మాట. సాక్ష్యం ఒక్కటే... ఆ పుట్టీ. రేపు తొమ్మిదింటికి కాకినాడ నుంచి సర్వేయర్ వచ్చి బోటు అడుగు గీకి చూస్తాడు.

అందుకే ఈ సాయంత్రం భానుతేజ రేవులో కట్టేసిన బోటు విప్పుకుని పారిపోతున్నాడు. అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాటించి, అడుగున బిరడా పీకి వదిలేస్తే చాలు. మిగతా పని సముద్రం చూసుకుంటుంది. వీరబాబుకి ఏళ్ల తరబడి జైలు.

డ్రైవర్లెవరూ రామన్నారు. కాబట్టి కెప్టెన్‌గారే స్వయంగా బయల్దేరారు!

ఢబ్!

ఆ దెబ్బ సత్యవాణి గుండెల మీద పడుతోంది. అలా ఎత్తి కొడితే మంచి బోటైనా విచ్చుకుంటుంది. మూతి దించి, వేగం తగ్గించి, అలని వాలుగా కోసుకుంటూ పోవాలి. రిసార్ట్‌లో బల్లలు తుడిచే పిల్లకి కూడా తెలుసు.

నది మలుపు తిరుగుతోంది. లోతంతా ఎడమ గట్టు వెంట. నడి ఏట్లో ఇసుక మేట. ఇప్పుడు ఆటు... సముద్రం నీళ్లని వెనక్కి గుంజుకుంటోంది. మేట మీద నీళ్లు గంటగంటకీ పలచబడుతున్నాయి.

చుట్టూ తిరగడం ఎందుకని భానుతేజ అడ్డంగా కొట్టాడు. రోడ్డు మీద రాంగ్ రూట్‌లో దూరినట్టు!

సత్యవాణి ఇంజిన్ చప్పుడు తగ్గించింది.

"ఏంటమ్మా, ఆపేస్తున్నావు?" అన్నాడు ఎస్సై.

"వినండి," అంది ఆమె.

ముందు ఇంజిన్ రాగం మారింది. గీ పెడుతోంది. బోటు మేట మీద పేరుకున్న గుర్రపు డెక్క గుట్టలోకి దూసుకుపోయింది. ఇంజిన్ తనని చల్లబరచాల్సిన నీళ్లకి బదులు బురద మింగుతోంది. వెనక గొట్టంలోంచి నీళ్లు పడటం ఆగిపోయింది. బజర్ మోగుతోంది... ఆపమని చెప్పే బజర్!

భానుతేజ లివర్ ఇంకా గట్టిగా ముందుకి తోశాడు.

కీచు... కీచు... కిర్ర్ర్...

నిశ్శబ్దం.

సత్యవాణి తలకి కట్టుకున్న టార్చి వెలిగించి పడవని మేట వైపు తిప్పింది. నలభై గజాలు. ముప్ఫై.

ఠాప్!

ఆమె చెవి పక్కనుంచి ఏదో రివ్వున పోయింది.

ఎస్సై పడవ అడుగున బోర్లా పడ్డాడు. భానుతేజ చేతిలో పిస్టల్! లైసెన్స్ ఉన్నదే. దాని మీద సంతకం పెట్టింది ఎవరో గాని, వీడికి తుపాకీ కాల్చడమూ రాదు.

అప్పుడు చేశాడు అసలు పని.

కారు ఆగితే పెట్రోలు అయిపోయినట్టే కదా! బోటు కూడా అంతేననుకున్నాడు. ఫోన్ లైటు నోట కరుచుకుని, వెనక ఇంజిన్ మూత ఎత్తి, పెట్రోలు డబ్బా వంపాడు. సగం ట్యాంకులో పడింది. సగం... మాడిపోతున్న ఇంజిన్ చుట్టూ పడింది. మూత దభీమని మూసేశాడు.

గాలి ఇటే వీస్తోంది. వాసన గుప్పుమంది.

సత్యవాణి తన ఇంజిన్ టక్కున ఆపేసింది.

మూత కింద పెట్రోలు ఆవిరి. పక్కనే బ్యాటరీ. కీ తిప్పితే చాలు... బోటు లేదు. పగులు లేదు. పుట్టీ లేదు. వీరబాబూ లేడు!

ఎస్సై లేచి రివాల్వర్ తీశాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి నొక్కింది. ఒక్క రవ్వ పడినా రేపు చూడటానికి బొగ్గే మిగులుతుందని గొంతు తగ్గించి చెప్పింది. గెడ తీసి ఏటి అడుగుకి గుచ్చి, పడవని చప్పుడు లేకుండా ముందుకి తోసింది.

ఇప్పుడు ఆ మనిషిని బతిమాలాలి. అది తలుచుకుంటేనే నోరు చేదెక్కింది.

"బాబూ, కీ తిప్పకండి. మూత తెరవండి. ఆవిరి పోయేలా ఫ్యాన్ వేసి నాలుగు నిమిషాలు ఆగండి."

భానుతేజ నవ్వాడు. టోపీ సర్దుకున్నాడు.

"నీ మొగుడిదీ రోజూ ఇదే సోది. ఫ్యాన్ వెయ్యాలి, వాసన చూడాలి, పడితే ఇంజిన్ ఆపే ఎర్ర తాడు చేతికి కట్టుకోవాలి, జాకెట్లు లెక్కపెట్టాలి. ఏం కాదు. చేపలు పట్టుకునేవాళ్లు నాకు క్లాసు పీకడం ఏంటి?"

ఏం కాదు! ఆ రెండు ముక్కలతోనే అక్కాచెల్లెళ్లని బోటెక్కించి ఉంటాడు.

అతని ఎడమ చెయ్యి కీ మీద ఉంది. కుడి చేతిలో పిస్టల్ ఆమె వైపు చూస్తోంది. సత్యవాణికి అతను బతకాలని లేదు. ఆ మాట తనలో తాను దాచుకోవడం లేదు కూడా. బోటు బతకాలి, అంతే.

"మీ కాళ్లు పట్టుకుంటానండి. తిప్పకండి."

కాళ్లు అనగానే అతని మొహం వెలిగింది. బోర విరిచాడు. కీ మీద వేళ్లు బిగించాడు.

టక్!

మూత కిందనుంచి... చప్పుడు!

సత్యవాణి కళ్లు మూసుకుంది.

భానుతేజ కెవ్వుమన్నాడు. పిస్టల్ ఎటో ఎగిరింది. టోపీ ఇంకెటో ఎగిరింది. ఓనరుగారు బోటు అంచు మీదనుంచి తలకిందులుగా గోదావరిలోకి దూకారు!

ఒక క్షణం.

రెండు.

ఏమీ పేలలేదు. కీ తిరగనేలేదు. బోటు అడుగున నీళ్లు చేరితే దానంతటదే తిరిగే పంపు... అది తిరుగుతోంది. పక్కనున్న గొట్టంలోంచి బుడబుడ నీళ్లు పోస్తోంది. వాడు ఎత్తి కొట్టిన దెబ్బలకి పుట్టీ చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. పగులు ఉంది. చెక్కుచెదరకుండా ఉంది!

"కాపాడండి! ఈత రాదు! చచ్చిపోతున్నా!"

చేతులు కొట్టుకుంటున్నాడు. మునుగుతున్నాడు, లేస్తున్నాడు, బురద నీళ్లు కక్కుతున్నాడు. ఎస్సై కంగారుగా తాడు అందుకున్నాడు. సత్యవాణి తాడు మీద కాలు వేసింది.

"ముందు ఫోన్ తీసి రికార్డు నొక్కండి."

అతను ఆమె మొహం చూశాడు. ఫోన్ తీశాడు. నొక్కాడు.

ఆమె టార్చి వెలుగు భానుతేజ కళ్లలోకి కొట్టింది.

"పగులు మీద పుట్టీ ఎవరు పెట్టించారు?"

"తాడు వెయ్యి తల్లీ!"

"ఎవరు పెట్టించారు?"

"నేనే! నేనే పెట్టించా!"

"పద్నాలుగు మందిని ఎవరు ఎక్కించారు?"

"నేను... వీరబాబు వద్దన్నాడు. ఉద్యోగం పీకేస్తానన్నా. తాగలేదు వాడు. నేనే అలా రాయించా. తాడు... తాడు..."

"జాకెట్లు ఏమయ్యాయి?"

"స్టోర్లో ఉన్నాయి! ఫొటోల్లో బాగోవని తీయించా!"

ఫొటోల్లో బాగోవని! ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఆ రోజు ఇలాగే అరిచి ఉంటారు.

ఎస్సై గాభరాగా చెబుతున్నాడు. చాలమ్మా, అన్నీ వచ్చాయి, మనిషి పోతే నా ఉద్యోగం పోతుంది, తాడు వదులు!

సత్యవాణి తాడు వెయ్యలేదు.

చీర కుచ్చిళ్లు ఎగదోపింది. పడవ అంచు దాటి గోదావరిలోకి దిగింది.

ఎస్సై నోరు తెరిచాడు.

నీళ్లు ఆమె మోకాళ్లు కూడా దాటలేదు.

ఇసుక మేట మీద తాపీగా నడుచుకుంటూ వెళ్లి, కొట్టుకుంటున్న మనిషి పక్కన నిలబడింది.

"లేచి నుంచోండి బాబూ," అంది.