మడమ మీద తెల్లటి వేళ్లు

సాయంత్రం చూడవచ్చినవాళ్లు వెళ్లిపోయాక వార్డు సద్దుమణిగింది. బయట వాన. లోపల మందుల వాసన. నర్సమ్మ మూల మంచం దగ్గరికి కుర్చీ లాక్కుంది.

మంచం మీద లారీ డ్రైవరు. బండి బోల్తాపడి మడమ పైన కండంతా ఊడిపోతే, పెద్ద డాక్టరుగారు నిన్న పగలంతా మైక్రోస్కోపుకు కళ్లు అప్పగించి, అతని తొడ కండే తీసి అక్కడ అతికించారు. వెంట్రుక కన్నా సన్నటి దారంతో రక్తనాళాలు కలిపి కుట్టారు. అందులో రక్తం ఆగిందా, కాలు తీసెయ్యాల్సిందే.

"నా బుర్ర మోకాల్లో ఉందనేది మా అమ్మ. ఇప్పుడు తొడ కూడా మడమకొచ్చేసింది సిస్టర్," అన్నాడు మగతగా.

పక్కన కూర్చున్న తల్లి నవ్వలేదు.

నర్సమ్మ అతుకు మీద వేలితో నొక్కింది. తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. రక్తం పరుగు వినిపించే డాప్లర్ పెన్ను ఆనించింది. జుయ్... జుయ్... బాగానే ఉంది.

"నర్సమ్మా... మళ్లీ నొక్కావా?" తల్లి గుసగుసలాడింది.

నర్సమ్మ చూసింది. అతుకు మీద తెల్లటి చుక్క. పక్కనే ఇంకోటి. ఇంకో రెండు. అవతలి అంచున, బొటనవేలు ఆనినట్టు ఒకటి.

చిన్న చెయ్యి. పసిపిల్లలది.

చుట్టూ చర్మం నీలమవుతోంది. జుయ్... చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా, కాలు వదులు..." డ్రైవరు మూలిగాడు.

అతికించిన కండకు స్పర్శే ఉండదు. తల్లి చేతులు ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

నర్సమ్మ గంట నొక్కింది. డాక్టరు వచ్చేదాకా ఆగితే కాలు దక్కదు. పళ్ల బిగువున ఆ మచ్చల కిందికి తన వేళ్లు పోనిచ్చింది. కంటికి ఏమీ లేదు. వేళ్లకు మాత్రం... చల్లగా, తడిగా తగిలింది. ఒక్కొక్కటే విప్పింది. విప్పినచోటల్లా ఎరుపు తిరిగొచ్చింది.

డాక్టరు పరుగున వచ్చి పెన్ను ఆనించాడు. జుయ్... జుయ్...

"రక్తం ఆడుతోంది. కాలు దక్కింది."



తుడుద్దామని ఆయన పెన్ను పైకెత్తాడు. చప్పుడు ఆగలేదు.

ఉత్త గాలిలో... జుయ్‌జుయ్‌జుయ్... డ్రైవరు నాడి నిదానంగా ఉంది. ఇది పరిగెత్తి అలిసిన పసిగుండెలా కొట్టుకుంటోంది.

డాక్టరు పెన్ను అటూ ఇటూ తిప్పాడు. గోడ వైపు తగ్గింది. తలుపు వైపు తగ్గింది.

తల్లి ఒడి వైపు... పెరిగింది.