మామిడిపిందె సాగే గది

ఎమ్మిగనూరులో నేసేవాళ్ల వీధి చివర, ఒక చిన్న చేనేత సంఘానికి డిజైను గది ఉంది. పగలు దాని జోలికి ఎవరూ పోరు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. దీపాలు పెట్టే వేళ దాటిందంటే మాత్రం ఆ వీధి తల్లులు పిల్లల్ని దాని ముందు నుంచి నడవనియ్యరు. అటుపక్కగా పొమ్మంటారు.

చీకటి పడ్డాక ఆ గదిలో గీసింది గీసినట్టు నిలవదట.

సాగుతుందట.

గుండ్రంగా, ముద్దుగా ఒక మామిడిపిందెను గీసి, మగ్గం మీదికి ఎక్కించి నేస్తే... చీర కొంగులో దిగేది పిందె కాదు, మునక్కాయ. ఎవరో కొనా మొదలూ పట్టుకొని లాగినట్టు. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. దసరా నుంచి మూడుసార్లు.

లాగేది ఎవరో కూడా వీధిలో అందరికీ తెలుసు. గిడ్డయ్య. గది గోడకు అవతలి ఇల్లు ఆయనదే. నలభై ఏళ్లు సంఘానికి పువ్వులూ పిందెలూ గీసి, రెండేళ్ల కిందట పోయాడు. అప్పటి నుంచి ఆ ఇంటి ముందు తలుపుకు తాళం తీసింది లేదు.

"ఆయన పనిలో ఇంకొకరు కూచుంటే ఓర్చుకోలేకుండాడప్పా," అనుకునేవాళ్లు అరుగుల మీద.

ఆయన పనిలో కూచున్నది స్వాతి. ఇరవై నాలుగేళ్ల పిల్ల.

ముందు ఆ పని ఎట్లాంటిదో చెప్పాలి. జాకార్డు మగ్గానికి కళ్లు లేవు. ఏ పువ్వు నెయ్యాలో దానికి చెప్పేది చిల్లులు పొడిచిన అట్టలు. కంప్యూటర్లో గళ్ల కాగితం లాంటిది ఉంటుంది. అందులో నింపిన ఒక్కో గడికీ అట్టలో ఒక్కో చిల్లు. గోవిందు అనే ఆయన వచ్చి అట్టలు కొడతాడు. ఆయన ఒక్కో అడ్డవరసే చూసుకొని పొడుస్తాడు, బొమ్మ మొత్తం ఏమైందో చూడడు. అందుకే బొమ్మ తప్పితే అది మగ్గం మీదే బయటపడుతుంది. అప్పటికి పట్టు కూడా ఖర్చయిపోయి ఉంటుంది.

స్వాతిది మంచి కన్ను. గీయడం అయ్యాక రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు చికిలించి, ఎక్కడ లావుందో ఎక్కడ సన్నముందో చూసి దిద్దేది. మేనత్త దగ్గర నేల మీద బొగ్గుతో గీసి నేర్చుకున్న పద్ధతి అది.

ఆ రోజు సాయంత్రం సంఘం అధ్యక్షుడు నరసింహులు గడపలోనే నిలబడి మాట్లాడాడు.

"పొద్దున ఆరింటికి గోవిందు వస్తాడు. ఈసారి గూడా పిందె సాగిందంటే గదికి తాళం ఏస్తాం స్వాతీ. బయట యాడన్నా గీయించుకుంటాం. నిన్ను తిట్టేది ఏం లేదు. పని మాత్రం ఉండదు."

"సాగదులే పెద్దనాయనా."

"మూడుసార్లూ ఇదే చెప్తివి."

ఆయన వెనకాల మగ్గం ఉమేష్ నిలబడి ఉన్నాడు. పాడైన మూడు కొంగులూ నేసింది అతనే. "స్వాతక్కా, ఈసారి మునక్కాయే గీయి. నేసేసరికి మామిడిపిందె అయితాదేమో చూస్తాం," అన్నాడు.

స్వాతి నవ్వలేదు. ఆ పని పోతే ఎమ్మిగనూరులో ఆమె చేతికి ఇంకో గీసే పని లేదు. ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ కూచోవాల్సిందే.

దీపాలు పెట్టే వేళకు ముందే గీత అయిపోయింది. పదహారు నిలువు వరసల పిందె. వెనక్కి జరిగి చూసుకుంది. కుదురుగా ఉంది. భద్రం చేసి, తాళం వేసి, ఇంటికి పోయి అన్నం తిన్నది. కానీ మనసు ఒకచోట నిలవలేదు. ఎనిమిది గంటలకు, ఒక్కసారి చూసుకొని వస్తానని మళ్లీ వచ్చింది.

కార్తీకపు చలి. వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. తాళం తీసి, దీపం వేసి, తెర వెలిగించింది.

పిందె... పొట్ట పెంచుకొని కూర్చుంది.

అడ్డంగా ఉబ్బిపోయి, మామిడిపిందె కాస్తా గుమ్మడికాయైంది. స్వాతి చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు చెరిపేసింది. ఇప్పుడు బాగుంది. చక్కగా, గుండ్రంగా...

అక్కడ ఆగింది ఆమె చెయ్యి.

సాయంత్రం ఇది బాగానే ఉండె గదా? మళ్లీ ఎవరు ఉబ్బించారు? తాళంచెవి ఒకటే. అది తన కొంగుముడిలో ఉండింది.

పాడైన ఆ మూడు కొంగులకు ముందు రాత్రి కూడా ఇట్లాగే వచ్చింది. మూడు రాత్రులూ ఉబ్బిన పిందెను చూసి, తన గీతే తప్పనుకొని, సన్నం చేసి పోయింది.

ఈసారి తెరంతా చూసింది. పిందె ఒక్కటే కాదు. మూలన ఉన్న గడియారం అంకెలు కూడా ఉబ్బి ఉన్నాయి. అక్షరాలు ఉబ్బి ఉన్నాయి. తెర మీద ఉన్న ప్రతిదాన్నీ ఎవరో రెండు పక్కలా పట్టుకొని లాగుతున్నారు...

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే వాజిద్‌కు ఫోన్ చేసింది. పాత కంప్యూటరు మరీ ఈడుస్తోందని, దసరా ముందు దానిలో పాత సాఫ్ట్‌వేరు తీసి లినక్స్ ఎక్కించి పోయింది అతనే.

"వాజిదన్నా..."

"గుసగుసలాడతాండావేంది?"

"ఏమో. గట్టిగా మాట్లాడబుద్ధి కాలే." జరిగింది చెప్పింది.

"అంతేనా. ఫికర్ పడద్దు. తెర కొలత మారింటాది. సెట్టింగుల్లో డిస్‌ప్లే తెరువు. ఏం రాసింది?"

"వెయ్యిన్నీ ఇరవైనాలుగు... ఏడువందల అరవై ఎనిమిది."

"అది పాతకాలం చదరపు తెర లెక్క. నీది వెడల్పు తెర గదా, నీకు పంతొమ్మిది వందల ఇరవై ఉండాల. మార్చు."

కంప్యూటరు తెర కూడా ఒక గళ్ల కాగితమే. అడ్డంగా ఇన్ని గళ్లు, నిలువుగా ఇన్ని గళ్లు. పొట్టి మంచం దుప్పటిని తెచ్చి వెడల్పు మంచం మీద అంచుల దాకా గుంజి పరిచామనుకోండి, దాని మీది పువ్వు ఏమవుతుంది? అడ్డంగా సాగుతుంది. స్వాతి తెర మీద జరిగింది అదే. దుప్పటి మారిస్తే సరిపోతుంది.

స్వాతి జాబితా తెరిచింది.

"నువ్వు చెప్పిన లెక్క ఇందులో లేదన్నా."

"లేకుండా యాడికి పోతాది? సరే, టెర్మినల్ తెరువు. నేను చెప్పే అక్షరాలు కొట్టు."

అతను ఒక్కో అక్షరమే చెప్పాడు, ఆమె కొట్టింది. నల్లటి పలక మీద తెల్లటి వరసలు దిగాయి.

"తీగలు పెట్టే చోట్ల పేర్లు కనిపిస్తాండాయా? ఖాళీ చోటు పక్కన డిస్‌కనెక్టెడ్ అని ఉంటాది. ఒక్కదాని పక్కన మాత్రం కనెక్టెడ్ అని ఉంటాది. అది నీ తెర."

స్వాతి వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"రెండిటి పక్కన ఉందన్నా."

వాజిద్ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

"నీ ముందర తెరలు ఎన్నుండాయి?"

"ఒకటే."

"సరిగ్గా చూడు."

"ఒకటే అన్నా. గదిలో ఇంకేం లేదు. నేనే ఉండాను."

"ఒక్కోసారి లినక్స్ లేని తెరను ఉన్నట్టు అనుకుంటాది లే. మేము దాన్ని దెయ్యం మానిటర్ అంటాం."

"ఆ మాట ఇప్పుడే చెప్పాల్నా?"

"అట్ల కాదు, విను. ఊరికే భ్రమపడి ఉంటే దాని కొలతలు సరిగ్గా చెప్పేదానికి రాదు. ఆ రెండోదాని కింద ఏమన్నా రాసిందా?"

"వరసగా రాసింది. అన్నిటికంటే పైన... వెయ్యిన్నీ ఇరవైనాలుగు."

ఈసారి వాజిద్ గొంతు కూడా తగ్గింది.

"అయితే భ్రమ కాదు స్వాతీ. నిజం తెర. పాతకాలంది. ఎవరో స్విచ్చి ఏసుకున్నారు. దానికి సరిపోయే కొలతకు రెండు తెరలూ దిగినాయి. నీకు ఏం కనబడతాందో... వాళ్లకూ అదే కనబడతాంటాది."

స్వాతి తెర వైపు చూడలేకపోయింది. ఆ క్షణంలో, తాను చూస్తున్నదాన్నే, ఎక్కడో కూర్చొని ఇంకెవరో చూస్తున్నారు.

"డబ్బా వెనక చూడు. తీగలు ఎన్నుండాయో."

"నువ్వు చూడలేదా అన్నా, దసరాకు?"

"పెన్‌డ్రైవు ముందర పెట్టేది. వెనక నాకేం పని?"

కంప్యూటరు డబ్బా బల్ల కింద గోడకు ఆనించి ఉంది. మోకాళ్ల మీద కూర్చొని ముందుకు లాగింది. దుమ్ము. ఒక తీగ తన తెరకు పోతోంది. ఇంకొకటి, లావుది, నీలిరంగు మూతిది, గోడలోకి పోతోంది.

గిడ్డయ్య ఇంటి గోడ.

"ఉందన్నా. గోడలోకి."

"ఊడబీకు. నీ తెర సరిపోతాది. పిందె దిద్దుకొని ఇంటికి పో."

చెయ్యి చాపింది. తీగను పట్టుకుంది. ముఖం గోడ చిల్లుకు జానెడు దూరంలో ఉంది. అప్పుడు ఆ చిల్లులో నుంచి, చాలా మెల్లగా, ఒక గొంతు...

"వద్దు... అంత సన్నం వద్దు..."

స్వాతి ఎట్లా లేచిందో, ఎప్పుడు బయటపడిందో ఆమెకే తెలియదు. వీధిలో నిలబడేసరికి గది తలుపుకు తాళం వేసి ఉంది, తాళంచెవి పిడికిట్లో ఉంది, ఫోను చెవి దగ్గరే ఉంది.

"స్వాతీ. ఏమాయ?"

ఇంటికి పరుగెత్తవచ్చు. కానీ పొద్దున ఆరింటికి గోవిందు వస్తాడు. నాలుగు వరసలు తెగిన పిందెనే పొడుస్తాడు. ఆ గదికి తాళం పడుతుంది, ఇంక తీయరు.

"ఫోను పెట్టద్దు అన్నా," అన్నది. సందు తిరిగి, గిడ్డయ్య ఇంటి వెనక్కి నడిచింది.

పెరటి తలుపు ఓరగా ఉంది. సందులో నుంచి నీలం వెలుతురు గడప మీద సన్నగా పడుతోంది. తోసింది.

చీకటి గది. ఒక మూల నూనె దీపం. ఇంకో మూల బల్ల మీద పాత చదరపు తెర. దాని ముందు, నులకమంచం మీద, ముసుగు కప్పుకొని ఎవరో...

ఆ ముసుగు మెల్లగా తిరిగింది.

లింగమ్మ. గిడ్డయ్య పెండ్లాం. రెండు వీధుల అవతల చెల్లెలి ఇంట్లో ఉంటుంది. పగలంతా అక్కడే కండెలు చుడుతుంది. స్వాతికి రోజూ కనబడే మనిషే.

"అవ్వా, నువ్వా... ఈడేం చేస్తాండావు?"

"మెల్లగా మాట్లాడు పాపా." వేలు పెదాల మీద పెట్టుకుంది. "ఆయన గీస్తాండాడు."

స్వాతి గోడకు ఆనుకుంది.

ముసలామె చెప్పుకొచ్చింది. చివరి ఏడాది గిడ్డయ్య మంచం దిగలేకపోయాడు. అప్పుడు డిజైను గదిలో పనిచేసిన పిల్లోడు, మంచం మీది నుంచే పెద్దాయన తప్పులు చెప్పేదానికి వీలుగా, గోడకు చిల్లు వేసి తీగ లాగి ఈ తెర పెట్టాడు. ఆయన పోయాక గది వైపు నుంచి ఈ తెరకు బొమ్మ రాకుండా ఆపేసి, అందరూ మరిచిపోయారు. లింగమ్మ మాత్రం రోజూ చీకటి పడ్డాక వెనక తలుపున వచ్చి, ఇంట్లో దీపం పెట్టి, ఆయన చూసుకునే తెరకు కూడా స్విచ్చి వేసేది.

"రెండేండ్లు నల్లగనే ఉండె పాపా. దసరా కాడ్నుంచి వస్తాండాడు. నేను దీపం పెట్టినాకనే. మంచిగ ఉండే పిందెను గూడా సన్నం చేస్తాడు. చెయ్యి తప్పుతాంది. వద్దు వద్దని ఈడ్నుంచి చెప్తానే ఉండా. ఇనడు." ముసుగు సర్దుకుంది. "బతికినప్పుడూ ఇనలే."

స్వాతి చదరపు తెర వైపు చూసింది. ఈ దుప్పటి ఈ మంచానికి సరిపోయింది, ఏదీ సాగలేదు. నాలుగు వరసలు తెగిన పిందె ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది. సన్నగా, పొడుగ్గా. అచ్చం మునక్కాయ.

మూడు రాత్రుల లెక్క ఇప్పుడు తేలింది. గీసింది తప్పు కాదు, దిద్దింది తప్పు. ఇక్కడ స్విచ్చి ఆపితే చాలు, అక్కడ తెర సరిపోతుంది. నాలుగు వరసలు తిరిగి పెడితే పని నిలుస్తుంది.

"విన్నావా అన్నా?" అన్నది ఫోనులో.

"విన్నా. లినక్స్ ఎక్కించినాక ఆ తెరను కనుక్కొని ఉంటాది. నా తప్పే పో. చెప్పు అవ్వకు."

చెప్పాలి. ముసలామె ముఖం చూస్తూ చెప్పడం కష్టంగా ఉంది.

"అవ్వా... అది తాత కాదు. దసరా నుంచీ గీసేది నేనే. గోడ అవతల కూచొని."

లింగమ్మ ఆమెను చూసింది. కోపం లేదు. ఒకటో తరగతి పిల్ల తప్పు లెక్క చెప్తే విన్నట్టు విన్నది. తర్వాత వేలెత్తి తెరను చూపించింది.

"నువ్వు ఈడుండావు గదా పాపా. మరి అది కదిలిస్తాండేది ఎవరు?"

తెర మీద బాణం గుర్తు కదులుతోంది.

మెల్లగా... పిందె అంచు దాకా వచ్చింది. ఆగింది. ఒక గడి నిండింది. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి.

"వాజిదన్నా," స్వాతి ఫోనును చెవికి అదుముకుంది. "నువ్వు ఆడ్నుంచి ఏమన్నా..."

"నేనెట్ల చేస్తా? ఆ గదికి నెట్టే లేదు గదా. ఏమాయ స్వాతీ? స్వాతీ..."

అటు రెండు వరసలు. ఇటు రెండు వరసలు. పిందె నిండింది. బాణం గుర్తు ఒక పక్కకు జరిగి, నిలిచిపోయింది.

లింగమ్మ తృప్తిగా లేచి, స్విచ్చి ఆపి, దీపం ఒత్తి సర్దింది.

స్వాతి ఆ రాత్రి మళ్లీ డిజైను గది తాళం తీయలేదు. పొద్దున ఆరింటికి గోవిందుకు తాళంచెవి ఇచ్చి, ఆయన వెనకాలే లోపలికి పోయింది. గీతను ముట్టుకోలేదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఆయన అట్టలు కొట్టాడు. నాలుగో రోజు ఉమేష్ మగ్గం మీద నుంచి కొంగు దిగింది. వీధంతా చూడడానికి వచ్చింది. పిందె సాగలేదు.

నరసింహులు కొంగును వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఈసారి నీ చెయ్యి బాగా కుదిరింది తల్లీ," అన్నాడు.

స్వాతి తన రెండు చేతులూ పైట కింద దాచుకుంది.