తుడిచిన కీబోర్డు, మోగని బెల్లు

సాయంత్రం నాలుగూ పదికి వకీలుగారు మంచం మీద శవమై కనిపించారు. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడి చూపుడువేలు లాప్‌టాప్ స్పేస్ బార్ మీదే బిగుసుకుపోయింది.

ఒకప్పుడు ఆయన నోరు విప్పితే కోర్టులో ఫ్యాన్లు కూడా భయపడి మెల్లగా తిరిగేవట. పక్షవాతం ఆ నోటిని మూయించింది. ఒక్క వేలు మిగిల్చింది. ఆ వేలితో స్పేస్ బార్ నొక్కితే ఇల్లంతా బెల్లు మోగేది. గొంతులో కఫం అడ్డుపడితే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి మెషీన్‌తో లాగేవారు. రెండు నిమిషాల పని.

ఇవాళ బెల్లు మోగలేదు.

"ఇదిగో, మా అన్నయ్యని చంపింది ఇదే!" వకీలు తమ్ముడు నర్సుని ముందుకి తోశాడు. "కీబోర్డు తుడవమంటే సబ్బునీళ్లతో తలంటు పోసింది. అరెస్టు చెయ్యండి సార్!"

ఇరవై మూడేళ్ల పిల్ల. కేసు పడితే ఉద్యోగం పోతుంది, ఆపైన జైలు. వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ని స్టేషన్లో అందరూ తాబేలు అంటారు. నవ్వకండి. ఆ తాబేలు లోపలేసిన కుందేళ్లు తక్కువేం కాదు.

"తుడిచావా?"

"తుడిచాను సార్, తొమ్మిదింటికి. గుడ్డ సరిగ్గా పిండలేదు. కీలు పనిచెయ్యడం మానేశాయి."

"ఎన్నింటికి వెళ్లావు?"

"పన్నెండింటికి. వేరే ఆసుపత్రిలో డ్యూటీ. వీళ్లు లాక్కొచ్చేదాకా అక్కడే."

తాబేలు ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నిజమే.

తర్వాత కంప్యూటర్ మెకానిక్‌ని పిలిపించాడు.

"పదకొండింటికి వచ్చాను సార్. కీలు ఊడదీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి బిగించాను. పన్నెండున్నరకి నొక్కి చూపించాను. బెల్లు ఖంగుమంది."

"మళ్లీ చెడిపోయుంటుంది బాబూ," అంది వకీలు భార్య. గొంతులో వణుకు లేదు. "లోపలెక్కడో తడి మిగిలుంటుంది."

"ఊడదియ్యి," అన్నాడు తాబేలు.

మెకానిక్ స్పేస్ బార్ ఎత్తాడు. కింద గోరంత ప్లాస్టర్ ముక్క. నాలుగు మడతలు. పొడిగా, తెల్లగా ఉంది. అది అడ్డుండగా ఎంత నొక్కినా మీట అడుగుదాకా దిగదు.

"నర్సుల ప్లాస్టరే!" అరిచాడు తమ్ముడు.

"మంచం పక్కన డబ్బాడు ఉంది. తీసుకోడానికి నర్సే కావాలా? బెల్లు మోగేసరికి ఆ పిల్ల వెళ్లి అరగంట." తాబేలు మెకానిక్ వైపు తిరిగాడు. "ఇది ఎవరైనా ఊడదీయగలరా?"

"ఎక్కడ సార్! కింద సన్నటి తీగుంటుంది. తెలీక లాగితే కొక్కేలు విరుగుతాయి. ఎడమ పక్క ఎత్తి, కుడి పక్కకి జార్చాలి."

"విరిగాయా?"

"లేదు. అచ్చం నేను తీసినట్టే తీశారు."

"నువ్వు తీస్తున్నప్పుడు ఎవరున్నారు?"

"తమ్ముడుగారు గుమ్మంలో నిలబడి నర్సుని తిడుతున్నారు. దగ్గర కూచుని టార్చి పట్టింది..." మెకానిక్ వకీలు భార్య వైపు చూశాడు. "అమ్మగారు. మళ్లీ ఒకసారి చూపించమన్నారు కూడా."

"వదినా!" తమ్ముడు గోడకి జారగిలబడ్డాడు.

ఆమె కొంగు సర్దుకుంది.

"రోజుకి నలభైసార్లు బెల్లు. దిండు పెట్టు, దిండు తియ్యి. ఆరేళ్లు. ఒక్క మధ్యాహ్నం పడుకుందామనుకున్నాను."

"ఆయన నొక్కుతుంటే వినపళ్లేదా?"

"గోడవతలే కదా. టక్, టక్, టక్. పదకొండు నిమిషాలు. గడియారం చూశాను."

"ఆగాక?"

"హాయిగా నిద్రపట్టింది."

"మరి ఈ పిల్ల గంట నుంచి మీ ఎదుటే ఏడుస్తోంది. నోరు విప్పలేదేం?"

"ఆరేళ్లు నేనూ ఏడ్చాను. ఏ పోలీసొచ్చాడు బాబూ?"

తాబేలు నర్సుని వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.